చీర చిరిగిన చప్పుడు

నాన్నమ్మకి మోకాళ్ల నొప్పులు. వంగి చెప్పుల బకిల్ పెట్టుకోలేదు. పోయిన నెల వెల్‌క్రో పట్టీల చెప్పులు కొనిచ్చాను. మొదటిసారి పట్టీ లాగగానే 'టర్ర్' మంది. "ఏంట్రా ఇది, చీర చిరిగినట్టు! గుడి ముందు ఈ చప్పుడైతే నలుగురూ నవ్వరూ?" అని మంచం కిందకి తోసేసింది.

నిన్న సాయంత్రం చేను గట్టు మీంచి వచ్చేసరికి నా ప్యాంటు నిండా ఉత్తరేణి గింజలు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ పీకుతూ ఆవిడకి వెల్‌క్రో పుట్టిన కథ చెప్పాను. 1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రల్ కుక్కతో వేటకెళ్లొచ్చాడు. ఆయన బట్టలకీ కుక్క బొచ్చుకీ బర్డాక్ అనే మొక్క కాయలు అంటుకున్నాయి. మనమైతే తిట్టుకుంటూ దులిపేస్తాం. ఆయన మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. ప్రతి ముల్లు కొసా కొక్కెంలా వంగి ఉంది, పోగుల్లో తగులుకునేది అదే. నైలాన్‌తో అలాంటివి చేయడానికి ఏళ్లు పట్టింది. 1955లో పేటెంట్ వచ్చినా, చూడ్డానికి చవకబారుగా ఉందని ఫ్యాషన్ వాళ్లు మొహం చిట్లించారు. చంద్రుడి యాత్రల్లో అపోలో వ్యోమగాములు సామాన్లు తేలిపోకుండా వాడాక గానీ దానికి గౌరవం రాలేదు.

చంద్రుడి సంగతి నాన్నమ్మ పట్టించుకోలేదు. ఒక గింజ పీకి లైటు కింద తిప్పి చూసింది. "చవితి పత్రిలో పెట్టేది కదరా ఇది. దీన్ని చూసే చేశాడా?"

"దీనిది సూది ముల్లు నాన్నమ్మా, దానిది కొక్కెం."

పొద్దున వరండాలోంచి 'టర్ర్', మళ్లీ 'టర్ర్'. మూడుసార్లు విన్నాను.