మా పిల్లల తెలుగు మేష్టారు

మేరీల్యాండ్‌లో మా పిల్లలకు తెలుగు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే ఆదివారం తెలుగు బడి పేరు చెబుతాం. నిజానికి సగం సీరియళ్ల పుణ్యమే. వేసవి సెలవులకు విశాఖ ఎంవీపీ కాలనీలోని అమ్మ వాళ్లింటికి వస్తే ఆ సగం కాస్తా ముప్పాతికవుతుంది. రాత్రి భోజనాల దాకా అమ్మమ్మ పక్కనుంచి కదలరు.

ఈసారి మా చిన్నవాడు రిమోట్ కోసం అక్కతో కొట్లాడుతూ, "ఆడదానివి, నోర్మూసుకుని లోపలికి పో" అన్నాడు. ఉచ్చారణకు వంక పెట్టడానికి లేదు. చూడ్డానికొచ్చిన చుట్టాలైతే "ఎంత చక్కగా మాట్లాడుతున్నాడో!" అని మురిసిపోయారు. అది తిట్టని కూడా వాడికి తెలియదు, ఇంట్లో అందరూ అలాగే మాట్లాడుకుంటారనుకున్నాడు. భాష కోసం టీవీ పెడితే భాషతో పాటు ఈ సరంజామా అంతా వస్తుంది.

పెద్దదానికి పదమూడేళ్లు. దాని అనుమానం వేరు. "అమ్మమ్మా, కంపెనీ నడిపేది ఆవిడే కదా, మరి ఆవిడే ఎందుకు విలన్?"

"నడిపితే నడిపింది, ఆ కళ్లు తిప్పడం చూడు!" అంది అమ్మ.

నవ్వొచ్చింది గానీ, పిల్ల అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. చాలా సీరియళ్లలో చెక్కుల మీద సంతకాలు పెట్టే ఆడది, మీటింగులో గొంతు పెంచే ఆడది చెడ్డది. మంచిదాని పని అన్నీ భరించడం. ఏళ్ల తరబడి ఇదే చూసిన పిల్లకు క్లాస్ లీడర్‌గా నిలబడాలన్నా ముందు పొగరుబోతు అంటారేమోనని టెన్షన్ పట్టుకుంటుంది.

అమెరికాలో ఉండి దీన్ని తప్పించుకున్నామా అంటే అదీ లేదు. 2024 ఎన్నికల్లో కమలా హారిస్ ఏం చెప్పారన్న దానితో పాటు ఎలా నవ్వుతారన్నది కూడా చర్చే అయింది.

వార్తలైనా నయమా అనుకుంటే, చిలుకూరి శాంతమ్మ గారి సంగతే చూడండి. ఈ ఊరి ఏవీఎన్ కాలేజీలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఫిజిక్స్ చెప్పి 1989లో రిటైరయ్యారు. 90 ఏళ్లు దాటాక కూడా పాఠాలు చెప్పడానికి విశాఖ నుంచి విజయనగరం వెళ్లొచ్చేవారు. అంతటి మనిషి ఇంటికి 2024 జూలైలో విలేకరులు ఎందుకు వెళ్లారు? జేడీ వాన్స్ ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యారు, ఆయన భార్య ఉషకు ఈవిడ నాయనమ్మ వరస. ఆ ఉష సంగతీ అంతే. యేల్‌లో లా చదివి, అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దగ్గర లా క్లర్క్‌గా, అంటే కేసుల పనిలో ఆయనకు సాయపడే లాయర్‌గా, చేసిన మనిషి. మన చానళ్లు మాత్రం "ఆంధ్రా అల్లుడు" అని వాన్స్‌ను చూసి సంబరపడ్డాయి. ఇద్దరు ఆడవాళ్ల చదువు కలిపి ఒక మగాడి చుట్టరికం పాటి చేయలేదన్నమాట! మా అమ్మాయికి ఇదంతా చెబితే ఒకటే అడిగింది: "ఆవిడ ఫిజిక్స్‌లో ఏం చేశారు?" మైక్రోవేవ్ స్పెక్ట్రోస్కోపీ అన్నాను. అంతకుమించి చెప్పడం నా వల్ల కాలేదు, పిల్లే ఫోన్ తీసుకుని చదువుకుంది.

ప్రపంచమంతటా వార్తల్ని గమనించే గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్ లెక్కలో, వార్తల్లో కనిపించే, వినిపించే మనుషుల్లో ఆడవాళ్లు 1995లో 17 శాతం, 2020లో 25 శాతం. పాతికేళ్లకు పెరిగింది ఇంతే. ఆ కొద్దిమందీ ఎవరి కూతురో ఎవరి భార్యో అయితే తప్ప కనబడకపోతే ఇక మిగిలేదేముంది?

సీరియల్ మాన్పించమని మావారు అంటారు. నాకిష్టం లేదు. అమ్మమ్మతో వాదించడానికి దొరికే తెలుగు ఇంకెక్కడా దొరకదు. ఇప్పుడు విలన్ తరఫున వాదించడం మా అమ్మాయి వంతు, ఆమె పెట్టిన బిజినెస్ డీల్‌లో తప్పేముందో చెప్పమని అమ్మను నిలదీస్తుంది. అమ్మ ఓడిపోతున్నా ఒప్పుకోదు.

చిన్నవాడి బాధ్యత నాన్న తీసుకున్నారు. ఓ సాయంత్రం ఆర్కే బీచ్‌కు తీసుకెళ్తూ, 2021 నుంచి 2025 వరకు విశాఖ మేయర్‌గా ఉన్నది గొలగాని హరి వెంకటకుమారి అనే ఆవిడ అని చెప్పారు.

"వాళ్లాయన ఏం చేస్తారు తాతయ్యా?" అన్నాడు వీడు.

"నాకేం తెలుసురా! మేయర్ ఏం చేస్తారో అడుగు, చెప్తాను."

వాడు అడిగాడు. బీచ్ చేరేదాకా కుళాయిలు, కాలువలు, చెత్త బళ్ల గురించి వింటూనే ఉన్నాం.