రెండు అంకెల పొదుపు

మా తరం తెలుగువాళ్లు ఇంతమంది అమెరికా ఎలా చేరారని అడిగితే, కొందరు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల పేరు చెబుతారు, మరికొందరు హెచ్-1బి వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచిన 1998 నాటి చట్టాన్ని గుర్తుచేస్తారు. రెండూ నిజమే. కానీ వాళ్లకు దొరికిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు అసలెందుకు పుట్టాయో నాకు అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక బీమా కంపెనీ మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద కంప్యూటర్) మీద వైటుకె పని చేస్తున్నప్పుడు తెలిసింది. సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే దాచుకున్న ప్రోగ్రాములు 2000ను 1900గా పొరబడకుండా సరిచేయడమే వైటుకె పని. వాటి మూలం పంచ్ కార్డు, అంటే రంధ్రాలు కొట్టి సమాచారం దాచే అట్టముక్క.

కార్డుకు 80 నిలువు వరుసలు, వరుసకు ఒక అక్షరం. పాలసీ నంబరు, పేరు, ప్రీమియం, పుట్టిన తేదీ, పాలసీ మొదలైన తేదీ, ముగిసే తేదీ అన్నీ అందులోనే ఇమడాలి. ఇమడకపోతే మనిషికి రెండో కార్డు పెట్టాలి. 1942కు బదులు 42 అని కొడితే మూడు తేదీల్లో ఆరు వరుసలు మిగులుతాయి. కార్డులు పోయి అయస్కాంత టేపులు వచ్చాక కూడా ఆ పొదుపు అలాగే కొనసాగింది.

మా విభాగంలో పదవీ విరమణకు దగ్గరపడిన ఒకావిడ కార్డుల కాలం నుంచీ పనిచేస్తున్నారు. కట్ట పైఅంచున మార్కరుతో ఏటవాలుగా ఒక గీత గీసి ఉంచేవారమని, కట్ట చేజారి చెల్లాచెదురైతే ఆ గీత మళ్లీ కలిసేలా పేర్చుకునేవారమని ఆవిడ చెప్పారు. టేపు రీలు వెనక గాడిలో ప్లాస్టిక్ రింగు ఉంటేనే దాని మీద రాత పడుతుంది కనుక, మాస్టర్ ఫైలు తయారవగానే రింగు తీసేయడం నియమం. తాత, తండ్రి, కొడుకు అని మూడు తరాల టేపులు దాచేవారు. కొడుకు పాడైతే తండ్రిని, ఆనాటి లావాదేవీలను కలిపి మళ్లీ పుట్టించవచ్చు.

టేపు మీద కూడా చోటు ధారాళంగా ఏమీ లేదు. అంగుళానికి 1600 అక్షరాలు పట్టే టేపు మీద 80 అక్షరాల రికార్డుకు అంగుళంలో ఇరవయ్యో వంతు చాలు, కానీ టేపు ఆగి మళ్లీ కదలడానికి ఒక్కో విడతలో రాసే బ్లాకుల నడుమ 0.6 అంగుళం ఖాళీ వదలాలి. రికార్డులను విడివిడిగా రాస్తే 2400 అడుగుల రీలులో పదమూడు పాళ్లకు పన్నెండు పాళ్లు ఖాళీయే. అందుకే వందేసి రికార్డులను ఒక బ్లాకుగా కట్టేవారు. డిస్కు సంగతి చెప్పనే అక్కర్లేదు: ఐబీఎం 1956లో తెచ్చిన రామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉన్నా, పట్టినవి 50 లక్షల అక్షరాలే.

అందువల్ల ఆనాటివారికి ముందుచూపు లేదనడం అన్యాయం. తప్పు పట్టవలసింది డిస్కు చవకయ్యాక కూడా, 1980లు దాటినా, రెండు అంకెలతోనే కొత్త ప్రోగ్రాములు రాసినవారిని.

ఇక దాన్ని సరిచేసే పనికి వస్తే, పాలసీ తేదీలకు 50 దగ్గర గీటు పెట్టి, రెండంకెల సంవత్సరం అంతకు తక్కువైతే దాని ముందు 20, కాకపోతే 19 ఉందనుకునే పద్ధతి సరిపోయింది. పుట్టిన తేదీలకు అది కుదరదు. 1948లో పుట్టిన పెద్దమనిషి 2048లో పుట్టినవాడవుతాడు. అక్కడ మమ్మల్ని ఆదుకున్నది పాత పొదుపే. అంకెలను కుదించి దాచే ప్యాక్డ్ డెసిమల్ పద్ధతిలో అంకెకు అర బైటు, ప్లస్ లేదా మైనస్ గుర్తుకు మరో అర బైటు, కనుక ఆరు అంకెల తేదీ మూడున్నర బైట్లు. నాలుగు కేటాయించక తప్పదు. మిగిలిన అర బైటులో ఎప్పటినుంచో సున్నా ఉంది. ఆ సున్నాను 1900లకు, 1ని 2000లకు పెట్టుకుంటే, ఫైలు ఒక్క బైటు పెరగకుండా, పాత రికార్డులను ముట్టుకోకుండా పని జరిగిపోయింది. 1900కు ముందు పుట్టి ఇంకా పుస్తకాల్లో ఉన్న వృద్ధులను మాత్రం పాలసీ మొదలైన సంవత్సరాన్ని బట్టి ఏరి, అదే చోట 1800లకు గుర్తుగా 8 వేశాం. వయసు వరుసలో పేర్చే ప్రోగ్రాములకు ఆ 8 సంగతి విడిగా చెప్పవలసి వచ్చింది, లేకపోతే జాబితాలో అందరికంటే పసివాళ్లు వాళ్లే.