సింక్ తరలింపు: డ్రెయిన్‌కు కొత్త వెంట్ పైపు, ఇంతవరకు జరిగిన పని

వంటగది సింక్‌ను పాత చోటి నుండి 7 అడుగుల దూరంలోని పక్క గోడకు మార్చే పనిలో డ్రెయిన్ (మురుగు నీరు పోయే పైపు), వెంట్ (దానికి గాలి అందించే పైపు) బిగింపు పూర్తయింది. కుళాయికి నీళ్ల లైను పొడిగించడం పెద్దగా ఆలోచించవలసిన పని కాదు. నా సమయమంతా తీసుకున్నది వెంట్ కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

మురుగు వాయువులను ఇంట్లోకి రానీయకుండా ఆపేది ట్రాప్‌లో, అంటే సింక్ కింద వంపు తిరిగిన పైపులో, నిలిచే నీరు ఒక్కటే; దాని లోతు కనీసం 2 అంగుళాలు ఉండాలి. తొట్టి నిండా ఉన్న నీరు ఒక్కసారిగా దిగినప్పుడు పైపులో గాలి పీడనం పడిపోతుంది. ఆ లోటును తీర్చే గాలి వెంట్ ద్వారా అందకపోతే, దిగిపోతున్న నీరు ట్రాప్‌లోని నీటిని కూడా తన వెంట లాక్కుపోతుంది.

పాత వెంట్‌తోనే సరిపెట్టవచ్చునేమోనని ముందుగా లెక్క వేశాను. ఒకటిన్నర అంగుళాల పైపును అడుగుకు పావు అంగుళం వాలుతో 7 అడుగులు తీసుకుపోతే మొత్తం వాలు ఒకటిముప్పావు అంగుళాలవుతుంది, అంటే పైపు వ్యాసాన్ని దాటిపోతుంది. అప్పుడు వెంట్ నోరు ట్రాప్‌లో నీరు పొర్లే అంచు కంటే కిందికి పడి, గాలి అందవలసిన సమయానికే నీటితో మూసుకుపోతుంది. అమెరికాలో వాడే ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్ అనే నియమావళి, ట్రాప్ నుండి వెంట్ దాకా దూరం ఒకటిన్నర అంగుళాల పైపుకు 6 అడుగులు, 2 అంగుళాల పైపుకు 8 అడుగులు అని పెట్టిన హద్దులు కూడా ఈ లెక్కకే సరిపోతాయి. అక్కడిదే మరో నియమావళి, యూనిఫామ్ ప్లంబింగ్ కోడ్, మరింత కఠినమైనది. అదే పైపులకు 42, 60 అంగుళాలు దాటనీయదు. అందువల్ల కొత్త సింక్ వెనుకనే వెంట్ మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. వెంట్ దాటిన తరువాతి పైపుకు ఈ దూరపు హద్దు వర్తించదు, వాలు సరిగా ఉంటే చాలు.

గాలిని లోపలికి మాత్రమే వదిలే ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ పెడితే గోడ విప్పే శ్రమ తప్పేది. అయితే పైపులో పీడనం పెరిగినప్పుడు అది విడుదల చేయలేదు, పైగా కదిలే భాగం ఉన్న వస్తువు ఎప్పుడో ఒకప్పుడు మార్చవలసి వస్తుంది. గది మధ్యలో ఉండే సింక్‌కు అది తగిన పరిష్కారమే కాని, పక్కనే గోడ ఉండగా తెరిచి ఉన్న పైపునే నమ్ముతాను.

ట్రాప్ నుండి వచ్చే అడ్డపైపు గోడలో శానిటరీ టీకి (మూడు నోళ్లున్న T ఆకారపు జోడింపు ముక్కకు) కలుస్తుంది. టీ కింది నుండి డ్రెయిన్ నిలువుగా దిగి, పెద్ద వంపు ఉన్న ఎల్బోతో తిరిగి, అడుగుకు పావు అంగుళం వాలుతో పాత నిలువు పైపును చేరుతుంది. శుభ్రం చేసుకునేందుకు మూత ఉన్న క్లీనౌట్‌ను అక్కడే పెట్టాను. టీ పై నుండి వెంట్ నిటారుగా లేచి, సింక్ అంచు కంటే 6 అంగుళాలు పైకి వెళ్లిన తరువాతే అడ్డంగా తిరిగి పాత వెంట్‌లో కలుస్తుంది. అంతకంటే కిందనే తిప్పితే, డ్రెయిన్ మూసుకుపోయిన రోజున మురుగు నీరు వెంట్‌లోకి ఎక్కి, అడ్డపైపులో జిడ్డు, మెతుకులు వదిలిపోతుంది. వాటిని కడిగే ప్రవాహం అక్కడ ఉండదు. ఈ అడ్డపైపుకు కూడా డ్రెయిన్ వైపే కొద్దిగా వాలు ఇచ్చాను, లోపల చెమ్మ చేరినా కిందికి జారిపోతుంది.

అతికించే ముందు ముక్కలన్నీ పొడిగా అమర్చి, ప్రతి జోడింపు మీద పెన్సిల్‌తో అడ్డగీత గీసుకున్నాను. పైపు కోసిన చోట లోపలి అంచున లేచిన పొరకలను కత్తితో గీకి తీశాను, ఎందుకంటే జిడ్డు మొదట పట్టుకునేది అక్కడే. ప్లాస్టిక్ పైపులను అతికించే జిగురు అయిన సాల్వెంట్ సిమెంట్ రెండు వైపులా పూసి, పావు వంతు తిప్పుతూ దూర్చి, గీతలు కలిసిన చోట అర నిమిషం కదలకుండా పట్టుకుంటే కోణం తప్పదు.

సిమెంట్ బాగా ఆరాక కింద ప్లగ్ బిగించి, పైపుల్లో నీళ్లు నింపి ఉంచాను. ఏ జోడింపూ చెమర్చలేదు. తరువాత సన్నని ప్లాస్టిక్ పట్టీని జాలీ గుండా ట్రాప్ అడుగు దాకా దించి తడి గుర్తు చూసుకుని, తొట్టి నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలాను. గుడగుడ శబ్దం రాలేదు. పట్టీని మళ్లీ దించితే తడి గుర్తు మునుపటి గీత దగ్గరే ఉంది, అంటే ట్రాప్ నీరు పోలేదు.

ఇక గోడ మూయాలి. గోడ చట్రం ముఖానికి ఒకటింపావు అంగుళాల లోపు పైపు ఉన్న చోట్ల మేకులు దిగకుండా ఇనుప రేకులు కొట్టాను. టీ ఎత్తు, వెంట్ మలుపు ఎత్తు, క్లీనౌట్ ఉన్న చోటు ఫొటోలతో సహా రాసిపెట్టుకున్నాను. క్లీనౌట్ ముందు విప్పుకోగలిగిన పలక వస్తుంది.