మార్ఫిన్ వేసుకునేవాళ్లు గడియారం చూసి వేసుకోవాలి

నా రొమ్ము క్యాన్సర్ నడుము ఎముకకు పాకినప్పుడు నొప్పికి మార్ఫిన్ రాశారు. పొదిలి వైపు మా ఊళ్లలో ఆ పేరు వింటే చాలు, మనిషి మీద ఆశ వదిలేసుకుంటారు. ఎముకకు రేడియేషన్ ఇచ్చాక నొప్పి దిగింది, మార్ఫిన్ తగ్గిస్తూ వచ్చి ఆపేశారు. క్యాన్సర్ మందులు ఇంకా వాడుతున్నాను, వంట నేనే చేసుకుంటున్నాను. పాలియేటివ్ వైద్యం, అంటే నొప్పినీ బాధలనూ తగ్గించే వైద్యం, క్యాన్సర్ వైద్యంతో పాటే నడుస్తుంది, దాని తర్వాత కాదు.

మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలు పనిచేస్తుంది. అందుకే పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని రాస్తారు. రాత్రి 10కి రెట్టింపు డోసు రాస్తే తెల్లవారుజామున 2 గంటల మాత్రకు నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. నొప్పి లేచాక వేసుకుందామని ఓర్చుకుంటే నష్టం మనకే. మాత్ర పట్టు దొరకడానికి అరగంట పడుతుంది, ముదిరిన నొప్పిని దించడానికి మందూ ఎక్కువ కావాలి.

మధ్యలో పొడుచుకొచ్చే నొప్పికి వేరే డోసు ఉంటుంది, రోజు మొత్తంలో దాదాపు ఆరో వంతు. రోజుకు 60 మిల్లీగ్రాములైతే అది 10. స్నానానికి, పుండు కట్టు మార్చడానికి, గతుకుల రోడ్డు మీద ఒంగోలు ప్రయాణానికి అరగంట ముందు ఇదే వేసుకోవచ్చు. వేసుకున్న ప్రతిసారీ నోటుబుక్కులో టైము, నొప్పి ఎక్కడ, 0 నుంచి 10లో ఎంత అనేది రాయాలి. అదనపు డోసులు రోజుకు మూడు నాలుగు పడుతుంటే అసలు డోసు చాలడం లేదని డాక్టరుకి ఆ పుస్తకమే చెబుతుంది. పెంచడం మాత్రం ఆయన పని, మనది కాదు.

వికారం, మగత కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం సర్దుకోదు. మార్ఫిన్‌తో పాటే మొదటి రోజు నుంచి విరేచనం మందు ఉండాలి, బిసాకోడిల్ గానీ సెన్నా గానీ. చీటీలో లేకపోతే అడిగి రాయించుకోండి. ఇసబ్‌గోల్ ఇక్కడ పనికిరాదు: పేగు కదలిక మందగించిన చోట అది ఉబ్బి అడ్డం పడుతుంది. మూడు రోజులు విరేచనం కాకుండా ఉండి, ఆనక నీళ్లలా కారితే సాఫీ అయిందనుకోవద్దు. గట్టిపడిన మలం పక్కనుంచి కారుతూ ఉండవచ్చు.

కాల్లో షాక్ కొట్టినట్టు, మంటగా లాగే నొప్పి నరాలది. దానికి మార్ఫిన్ ఒక్కటే చాలదు. రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు గానీ గాబాపెంటిన్ గానీ కలుపుతారు, గుణం కనిపించడానికి వారమైనా పడుతుంది. ఎముక నొప్పికి చాలాసార్లు 8 గ్రే (రేడియేషన్ కొలత) ఒకే విడతలో ఇస్తారు. తర్వాత ఒకటి రెండు రోజులు నొప్పి పెరిగినా కంగారు వద్దు, పూర్తిగా దిగడానికి నాలుగు వారాలు పట్టవచ్చు. కానీ నడుము నొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం బిగించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వెన్నుపాము నలిగితే ఆలస్యమైన కొద్దీ నడక తిరిగి రాదు.

కనిగిరి వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మార్ఫిన్ విరిగి తయారయ్యే పదార్థాలు కిడ్నీల గుండానే బయటికి పోవాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో అవి పేరుకుని చేతులు కాళ్లు అదురుతాయి, మగత ముదురుతుంది, ఊపిరి మందగిస్తుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) రిపోర్టు ముందే చూపిస్తే డోసు తగ్గిస్తారు, లేదా ఒంటికి అతికించుకునే ఫెంటానిల్ అనే నొప్పి మందు పట్టీకి మారుస్తారు. అలాంటివాళ్లు మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు తెచ్చుకోవడం మరీ ప్రమాదం. ఫెంటానిల్ పట్టీ మూడు రోజులు ఉంటుంది. దాని మీద వేడినీళ్ల కాపడం పెట్టకూడదు, నెల్లూరు ఎండల్లో తిరగకూడదు. వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. జ్వరమొచ్చినా డాక్టరుకి చెప్పాలి.

1985 నాటి మత్తుమందుల చట్టాన్ని 2014లో సడలించినా ఊళ్లో షాపుల్లో మార్ఫిన్ మాత్రలు దొరకవు, గుర్తింపున్న ఆసుపత్రిలోనే ఇస్తారు. వారానికి సరిపడా మిగిలి ఉండగానే వెళ్లండి. ఉన్నట్టుండి మానేస్తే ఆవలింతలు, చెమటలు, ముక్కు కారడం, కడుపులో మెలిపెట్టడం వస్తాయి. ఇది మందుకు ఒళ్లు అలవాటు పడటమే, వ్యసనం కాదు. అందుకే మెట్టుమెట్టుగా దించుతారు. మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వకుండా అదే ఆసుపత్రిలో లెక్కపెట్టి అప్పజెప్పండి.