దూత సుగ్రీవుడి మాట మన నోట

శరన్నవరాత్రుల్లో దుర్గా సప్తశతి (దేవీ మాహాత్మ్యం) పారాయణ చేసేవాళ్ళకు మహిషాసుర వధ దగ్గర గొంతు లేస్తుంది, నారాయణీ స్తుతి దగ్గర కళ్ళు చెమరుస్తాయి. ఐదో అధ్యాయంలో 'యా దేవీ సర్వభూతేషు' అయిపోగానే మాత్రం మనసు నైవేద్యం మీదికి పోతుంది. మిగిలిన దూత సంవాదం గడగడా చదివి దాటేస్తారు. ఆడపిల్ల ఉన్న ఏ ఇల్లయినా నిదానంగా చదవాల్సింది అదే.

రాక్షసరాజు శుంభుడి సేవకులు చండముండులు హిమవంతం మీద అమ్మవారిని చూసి వచ్చి అతడికి చెప్పిందేమిటి? ఐరావతం నీదే, ఉచ్చైఃశ్రవం నీదే, పారిజాతం నీదే, మరి ఈ స్త్రీరత్నాన్ని ఎందుకు వదిలావు అని. ఏనుగు, గుర్రం, చెట్టు, ఆ వరసలోనే ఆమె. ఆమెకిష్టమా అన్న ప్రశ్న ఆ సభలో ఒక్కడికీ తట్టలేదు. కాలేజీ గేటు దగ్గర బండెక్కి కూర్చుని 'ఆ పిల్ల నీదేరా' అని ఎగదోసేవాళ్ళది ఈ వంశమే.

శుంభుడు పంపిన దూత సుగ్రీవుడు (రామాయణంలోని వానరరాజు కాదు) తీయగానే మొదలుపెడతాడు. యుద్ధంలో నన్ను గెలిచినవాడే నాకు భర్త అని అమ్మ తేల్చి చెప్పాక స్వరం మారుస్తాడు: 'కేశాకర్షణనిర్ధూతగౌరవా మా గమిష్యసి'. జుట్టు పట్టి ఈడిస్తే పరువు పోతుంది, అంతదాకా తెచ్చుకోకుండా వచ్చెయ్. గమనించండి, ఇతను చెయ్యి చేసుకునేవాడు కాదు, మంచి చెప్పడానికి వచ్చినవాడు. ఈడ్చేవాడి తప్పు గురించి ఒక్క మాట అనడు. పోయే పరువు మాత్రం ఆమెదట! 'వాడితో పెట్టుకోకమ్మా, బయటపడితే నీకే నష్టం, కొన్నాళ్ళు కాలేజీ మానెయ్' అనే పెద్దమనుషులు రోజూ మోస్తున్నది ఈ కబురే.

ఆరో అధ్యాయంలో శుంభుడు తన సేనాపతి ధూమ్రలోచనుణ్ణి పంపుతూ 'తామానయ బలాద్దుష్టాం', ఆ దుష్టురాలిని బలవంతంగా పట్టుకురా, అంటాడు. కాదన్నందుకు ఆమె దుష్టురాలైపోయింది. యాసిడ్ సీసా పట్టినవాడూ ఇదే అంటాడు, పొగరెక్కి కాదంది అని. ఆదిశక్తి కనక ఒక్క హుంకారంతో ధూమ్రలోచనుణ్ణి భస్మం చేసింది. మన పిల్లకు ఆ హుంకారం బదులు చుట్టూ ఉన్నవాళ్ళు తోడివ్వాలి.

తోడివ్వడమంటే వెళ్ళి వాడికి నాలుగు తగిలించడం కాదు, కేసు మీ మీదికే తిరుగుతుంది. వాడి మెసేజ్‌లు చెరిపెయ్యకుండా నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి, ఫోన్ మార్చకండి. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా నమోదు చేసే కేసు) అడగండి. ఇలాంటి ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. వెంటపడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికి మూడేళ్ళ దాకా శిక్ష. కానీ అప్పుడది బెయిలబుల్. చాలా ఇళ్ళు దెబ్బతినేది ఇక్కడే, కేసు పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటారు, వాడు వెంటనే బయటికొస్తాడు. ఆ వారాల్లో పిల్లను ఒంటరిగా పంపకండి, అలాగని చదువూ మాన్పించకండి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లయితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) వర్తిస్తుంది. లైంగిక నేరమని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం. డబ్బిచ్చి రాజీ చేసిన పెద్దలూ ఇందులోకి వస్తారు.

కుమారీ పూజ గురించి కూడా ఒక మాట. రెండేళ్ళ కుమారి మొదలు పదేళ్ళ సుభద్ర దాకా పేరుపేరునా అర్చిస్తాం. పారాణి పెట్టబోతే పిల్ల కాలు వెనక్కి లాక్కుంటుంది, నలుగురూ నవ్వి కాలు పట్టి లాగుతారు. చేతికెక్కని గాజులు సబ్బునీళ్ళతో తోస్తారు. వద్దన్న దేవిని బలవంతాన పూజించడం ఏ కల్పంలో ఉంది? వదిలెయ్యండి, పళ్ళెం ముందుపెట్టి నమస్కరించండి, ఆమె వద్దన్నది చెల్లిందని ఆ పిల్లకు తెలుస్తుంది. పేరు, బడి పేరు కనిపించేలా ఆ ఫొటోలు గ్రూపుల్లో పెట్టకండి.

మండపాల కమిటీలకు చివరిగా: పారాయణకూ హారతికీ మధ్య రెండు నిమిషాలు మైకు ఇచ్చి 112, మహిళలకు 181, పిల్లలకు 1098 అని చెప్పించండి. ముఖద్వారం దగ్గర ఫ్లెక్సీ కడితే చాలదు, అత్తగారి పక్కన నిలబడ్డ కోడలు దాన్ని చూసి నంబరు రాసుకోలేదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకు లోపలివైపు అంటించండి. కుంకుమ పొట్లం మీద అచ్చు వేయిస్తే గృహహింస అన్న మాట వెయ్యకండి, పొట్లం ఇంటికెళ్ళి ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. 181 అన్న మూడంకెలు చాలు, అదేమిటో మైకులో విన్నవాళ్ళకు తెలిసే ఉంటుంది.