ఏప్రిల్ 17 కాదు, 24

"సమాధానమను బంధముచేత ఆత్మ కలిగించు ఐక్యమును కాపాడుకొనుటయందు శ్రద్ధ కలిగినవారై" (ఎఫెసీ 4:3). ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఒక క్యాలెండరు గొడవ గుర్తొస్తుంది.

క్రీ.శ. 455లో పాస్కా (ఈస్టర్) పండుగ ఏ రోజు? రోము లెక్కలో ఏప్రిల్ 17, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సంఘం లెక్కలో 24. తిథి రెండు రోజుల మీద పడితే పండుగ ఇవాళా రేపా అని మన వీధుల్లో జరిగే చర్చ లాంటిదే, అక్కడా పేచీ అంతా చంద్రుడితోనే. వసంతంలో వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం పాస్కా. ఆ ఏడు అలెగ్జాండ్రియా పట్టిక ప్రకారం పున్నమి సరిగ్గా 17వ తేదీ ఆదివారం నాడే వచ్చింది, అలా వస్తే పండుగను తర్వాతి ఆదివారానికి జరపాలని వాళ్ల నియమం. రోముకేమో ఏప్రిల్ 21 దాటాక పాస్కా చేసుకునే అలవాటు లేదు. 21 ఆ నగరం పుట్టినరోజు, ఊరంతా రథాల పందేల సందడి; పాస్కా అది దాటితే ఆ సందడి ఉపవాస దినాల్లో పడుతుంది.

అప్పుడు రోము పీఠం మీద ఉన్నది మొదటి లియో. ఎవరు ఏం చెప్పినా సరే అనే రకం కాదాయన. 440 సెప్టెంబరు 29న పోపు అయ్యారు, ఏటా ఆ రోజున ప్రసంగిస్తూ, యేసు శిష్యుడైన పేతురు ఈ పీఠం నుంచి ఇప్పటికీ సంఘాన్ని నడిపిస్తున్నాడని చెప్పేవారు. 451లో కాల్సెడన్‌లో జరిగిన సంఘ మహాసభలో, క్రీస్తు ఎవరో వివరిస్తూ ఆయన రాసిన లేఖ చదివితే మేత్రాణులు (బిషప్పులు) "లియో నోట పేతురే మాట్లాడాడు" అని కేకలు వేశారు. అదే సభ కాన్‌స్టాంటినోపుల్ పీఠానికి హోదా పెంచుతూ చేసిన తీర్మానాన్ని మాత్రం ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. ఇక క్రీస్తు ఎవరు అనే విషయంలోనైతే ఒక్క అక్షరం కూడా వదులుకోలేదు.

అలాంటి మనిషి తేదీ దగ్గర తగ్గారు. అదీ వెంటనే కాదు. లెక్క ఇంకోసారి చూపించమని తూర్పు రోము చక్రవర్తి మార్సియన్‌కి ఉత్తరాలు రాశారు, అలెగ్జాండ్రియా మేత్రాణి ప్రొటేరియస్ తమ లెక్క వివరిస్తూ పెద్ద జవాబు పంపాడు, అయినా లియోకి నమ్మకం కుదరలేదు. చివరికి 454లో చక్రవర్తికి రాసిన దాని సారాంశం ఇది: ఒప్పుకుంటున్నాం, ఆ లెక్క సరైనదని స్పష్టంగా తేలి కాదు, మేం అన్నిటికన్నా ఎక్కువగా కాపాడుకునే ఐక్యత మీద శ్రద్ధ వల్ల. ఎఫెసీ పత్రికలో పౌలు రాసిన మాటలే చూడండి, కాపాడుకోవడం, శ్రద్ధ! తర్వాత గాల్, స్పెయిన్ మేత్రాణులకు కూడా పండుగ 24నే అని కబురు పంపారు.

నాకు గుచ్చుకునేది ఇక్కడే. నాది తప్పని తేలితే నేనూ ఒప్పుకుంటాను, కాస్త గొణుక్కుంటూ. నాదే కరెక్టని లోపల అనిపిస్తూ ఉండగా, చేతిలో అధికారం కూడా ఉండగా, "సరే, మీరన్న రోజే" అనడం నాకైతే ఇంట్లోనే చేతకాదు.

ఈ లెక్కల వెనక మనుషులు కూడా ఉన్నారు. అంతకుముందు 444లోనూ ఇదే పేచీ వచ్చింది, అప్పుడు లియోకి సలహా రాసింది సిసిలీ ద్వీపంలోని లిలిబేయం మేత్రాణి పస్కాసినస్ (తర్వాత కాల్సెడన్‌కి లియో ప్రతినిధిగా వెళ్లింది ఈయనే). అందులో ఆయన చెప్పిన ఒక ముచ్చట నన్ను వదలదు. కొండల మధ్య ఒక చిన్న గుడి, దాని జ్ఞానస్నానపు తొట్టికి గొట్టం లేదు, కాలువ లేదు, ఏటా పాస్కా రాత్రి దానంతటదే నిండేదట. 417లో రోము లెక్క ప్రకారం మార్చి 25న పండుగ పెట్టుకున్నారు. జ్ఞానస్నానం కోసం వచ్చినవాళ్లు దాదాపు తెల్లారేదాకా తొట్టి పక్కనే కూర్చున్నారు. నీళ్లు రాలేదు. అలాగే ఇళ్లకు వెళ్లిపోయారు. అలెగ్జాండ్రియా లెక్క ప్రకారం ఏప్రిల్ 22న వచ్చిన పాస్కా రాత్రి తొట్టి నిండింది. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం, నాకు మాత్రం ఆ కూర్చున్నవాళ్లే కనిపిస్తారు. పెద్దల లెక్క కలవకపోతే ఎండిన తొట్టి దగ్గర ఎదురుచూసేది వాళ్లు. 444లో పాస్కా ఏప్రిల్ 23న చేశారు, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) సరిగ్గా 21న పడింది, ఆ ఏడు నగరం పుట్టినరోజు పందేలు లేకుండానే గడిచిపోయింది.

455 మార్చి 16న పశ్చిమ రోము చక్రవర్తి మూడో వాలెంటీనియన్ హత్య అయ్యాడు, జూన్ 2న వాండల్ తెగ సేన రోములోకి దిగి 14 రోజులు దోచుకుంది. ఆ రెంటి మధ్య, 24వ తేదీ ఆదివారం, రోమూ అలెగ్జాండ్రియా ఒకే రోజు అల్లెలూయా పాడాయి. దానితో గొడవలన్నీ తీరిపోయాయనుకోకండి. క్రీస్తు గురించి కాల్సెడన్ సభ తేల్చినదాని మీద కోపం ఈజిప్టులో రగులుతూనే ఉంది, 457లో పాస్కాకు ముందు, జ్ఞానస్నాన మందిరంలో తలదాచుకున్న ప్రొటేరియస్‌ను గుంపు చంపేసింది.

ఇప్పటికీ తేదీలు వేరే. 2025లో ఏప్రిల్ 20న అందరికీ ఒకేసారి కలిసొచ్చింది, 2026లో మనకు ఏప్రిల్ 5, అలెగ్జాండ్రియా పీఠం కింద ఉన్న ఈజిప్టు క్రైస్తవులు కోప్టులకు 12. మళ్లీ అదే వారం తేడా. ఇలాంటి ఏడు వచ్చినప్పుడు ఆ మధ్య రోజుల్లో నా ప్రార్థనకు ఈ ఎఫెసీ వాక్యమే పెట్టుకుంటాను, మన ఆదివారం నుంచి వాళ్ల ఆదివారం దాకా.