నల్లగొండ దాకా నిలిచిన వాసన

దసరా సెలవులు, శనివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున నల్లగొండలో ఏడింటి ఎక్స్‌ప్రెస్ బస్సుకు ఎల్బీనగర్, అక్కడి నుంచి మెట్రో, అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం. పండుగ కోసం ఓ మాల్‌లో పది రోజులకని వేసిన విదేశీ సెంట్ల పాప్-అప్ కొట్టు చూడడానికి వదినా నేనూ. పెళ్లి మండపం లెక్క పూలు, అద్దాలు, నడుమ మనిషంత ఎత్తు సీసా బొమ్మ. తలకు వాసన నూనె, పౌడరు, పూలు ఏవీ లేకుండా వెళ్లాం. అవి ఒంటి మీద ఉంటే అక్కడ కొట్టి చూసే ప్రతి సెంటులోనూ కలుస్తాయి. పండుగ పూట పూలు లేకుండా గడప దాటడం వదినకు కష్టంగానే ఉండింది గానీ ఒప్పుకుంది.

లోపలికి అడుగు పెట్టగానే గాలి నిండా సెంటే. పావుగంట గడిస్తే ముక్కు ఆ గాలికి అలవాటు పడుతుంది, లేత వాసనలు ఇక తెలియవు. అందుకే అలంకరణలు, ఫోటోలు తర్వాత, ముందు పని వాసన చూడడమే. కాగితం పట్టీ మీద మొదట పెన్నుతో పేరు, టైము రాయాలి. జానెడు దూరం నుంచి ఒక్కసారి కొట్టాలి. ఆల్కహాల్ ఎగిరిపోయే దాకా అర నిమిషం ఆగాలి. ఆ తర్వాత ముక్కుకు తగలనీయకుండా, రెండు వేళ్ల దూరంలో పట్టుకుని చిన్నగా పీల్చాలి. చాలామంది తడి ఆరకముందే ముక్కుకు ఆనించుకుంటారు. అప్పుడు తెలిసేది సెంటు కాదు, స్పిరిట్ ఘాటు. పైగా తర్వాతి రెండు మూడు పట్టీలూ ఒకేలా అనిపిస్తాయి.

ఆరు పట్టీలు చూశాం, అదే ఎక్కువ. మధ్యలో వాసన చూడమని చిన్న గిన్నెలో కాఫీ గింజలు పెట్టారు. కాఫీ కూడా ఇంకో ఘాటు వాసనే, దానితో ముక్కు తేరుకోదు. సొంత మోచేతి మడతనో, ఉతికిన కొంగునో వాసన చూస్తే సరిపోతుంది. బయటికొచ్చి ఐదు నిమిషాలు నిలబడి వెళ్తే ఇంకా మేలు.

ఆరింటిలో రెండే చర్మం మీద వేసుకున్నాం, ఎడమ మణికట్టు మీద ఒకటి, కుడి మోచేతి మడతలో ఒకటి. మణికట్లు రెండూ కలిపి రుద్దకూడదు. ఆ వేడికి నిమ్మ, బెర్గమాట్ అనే నిమ్మ జాతి పండు లాంటి, మొదట తెలిసే వాసనలు తొందరగా పోతాయి. ఎండిన చర్మం మీద ఏ సెంటూ ఎక్కువసేపు ఉండదు, వాసన లేని క్రీమో కాస్త వాజిలినో ముందు రాసుకుంటే నిలుస్తుంది.

పెట్టెల మీది మాటల దగ్గర వదిన ఆగింది. ఓ ద టాయ్‌లెట్ అంటే సుగంధ నూనెలు సుమారు 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫ్యూమ్ అంటే 15 నుంచి 20, ఒట్టి పర్ఫ్యూమ్ అని ఉంటే 20 నుంచి 30. ఇవి వ్యాపారంలో వాడుక లెక్కలు, కంపెనీకో తీరు. ఒకే పేరు మీద టాయ్‌లెట్, పర్ఫ్యూమ్ రెండూ ఉన్నప్పుడు రెండోది మొదటిదాని చిక్కటి రూపమని అనుకోవద్దు. చాలాసార్లు కలిపే సరుకే వేరు. రెండూ విడిగా చూడాల్సిందే.

వదినకు కుడి చేతిది బాగా పట్టింది. "తీసేసుకుందాం, మల్ల ఇంత దూరం రాలేం గదా."

"జర ఆగు వదినా. ఇంటికి పోయేదాక ఏమైతదో చూద్దాం."

కొట్టు అమ్మేది మొదటి పావుగంట వాసన. ఇంటికొచ్చేది ఆ తర్వాతి వాసన. నిమ్మ జాతివి పదిహేను ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతాయి, గులాబీ, మల్లె లాంటివి రెండు మూడు గంటలుంటాయి, చివరిదాకా మిగిలేవి గంధం, వెనీలా, కస్తూరి లాంటివి. అందుకని సీసా కొనకుండా శాంపిల్ అడిగాం, 2 మిల్లీలీటర్లది ఇచ్చారు. ఒక్క నొక్కుకు దాదాపు 0.1 మిల్లీలీటరు పడుతుంది, అంటే ఇరవై నొక్కులు. వారం రోజులు చూసుకోవచ్చు. సీసా మీద ఉచితంగా పేరు చెక్కిస్తామన్నారు గానీ చెక్కిన సీసాను మామూలుగా కొట్లు వెనక్కి తీసుకోవు. అది ఆఖరి పని కావాలి.

మేకప్ బల్ల దగ్గర ఎక్కువసేపు ఉండలేదు. అందరూ వాడే టెస్టర్ లిప్‌స్టిక్ పెదవికి పెట్టుకోకూడదు, పారేసే పుల్లతో తీసి చేతి మీద చూడాలి. ఫౌండేషన్ చేతి మీద కాదు, దవడ అంచున గీసి పావుగంట ఆగి పగటి వెలుతురులో చూడాలి. గాలి తగిలి కొన్ని ఒక ఛాయ ముదురుతాయి. వదిన దవడ మీది గీత తలుపు బయట ఇటుక రంగు తిరిగింది.

సెంటు పెట్టెను మాత్రం వేళ్లతో తిప్పి తిప్పి చూశాం. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ ఉండాలి. పెట్టె అడుగున అచ్చయిన బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్నదీ ఒకటే కావాలి. ఇక్కడ అన్నీ సరిగ్గా ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలోనే అసలు సంగతి తెలిసింది. ఎల్బీనగర్‌లో బస్సెక్కేసరికే ఎడమ మణికట్టు మీది నిమ్మ పోయి, తడిసిన చెక్క లాంటి చల్లని వాసన మిగిలింది. చౌటుప్పల్ దాటాక కిటికీ ఎండ కుడి చేతి మీద పడింది. ఏసీలో అంత హాయిగా ఉన్న వెనీలా పాకం మాడినట్టు తీపెక్కింది, నార్కట్‌పల్లి వచ్చేసరికి వదిన ఆ చేతిని దూరం పెట్టింది. వేడికి సెంటు తొందరగా, ఎక్కువగా ఆవిరవుతుంది. మే నెల ఎండల్లో నల్లగొండలో ఇలాంటిది ఒక్క నొక్కు కూడా ఎక్కువే, చలికాలం పెళ్లిళ్లకైతే బాగుంటుంది. ఇంకో చిత్రం, ఎడమ చేతిలో నాకు కస్తూరి స్పష్టంగా తెలుస్తోంది, వదినకు ఏమీ తెలియడం లేదు. కొన్ని కస్తూరి అణువులు కొందరి ముక్కులకు అస్సలు అందవు. ఆ మనుషులు వాసన లేదనుకుని మళ్లీ మళ్లీ కొట్టుకుంటారు, పక్కవాళ్లకు తల తిరుగుతుంది. కొనేటప్పుడు ఇంకో ముక్కు తోడుండాలి.

సద్దుల బతుకమ్మకు వదిన గద్వాల చీర బయటికి తీసింది. సెంటు ముందు ఒంటికి, అది ఆరాక చీర, ఆఖరున ముత్యాలు అని చెప్పా. స్పిరిట్ పడితే పట్టు మీద మరక నిలుస్తుంది, జరీ నల్లబడే భయం, ముత్యాల మెరుపూ తగ్గుతుంది. శాంపిల్‌ను బాత్రూమ్‌లో కాకుండా బీరువాలో, చీకట్లో పెట్టాం.

పట్టీలు ఆరూ ఒకదానికొకటి తగలకుండా అల్మరాలో విడివిడిగా పరిచి ఉన్నాయి. పొద్దున చాయ్ తాగకముందే చూడాలి.